అంచు కనబడని పని

ఇరానీ హోటల్లో చాయ్ అంటే సాసరు మీద పెట్టిన పింగాణీ కప్పు. ఆ కప్పు చుట్టూ ఓ నీలం గీతో, పూలతీగో, హోటల్ పేరో ఉంటుంది. పొద్దున్నుంచి రాత్రిదాకా వేడి చాయ్ పోస్తుంటారు, సబ్బునీళ్ళలో ముంచి తీస్తుంటారు, తడి ఆరకముందే ఒకదాని మీద ఒకటి పేర్చేస్తుంటారు. అయినా ఆ గీత చెక్కుచెదరదు. హైదరాబాద్ సంతోష్‌నగర్ సందుల్లో టైలర్ల కొట్లలో పాత నల్ల కుట్టుమిషన్లు ఇంకా తిరుగుతున్నాయి. వాటి ఒంటి మీద బంగారు లతలు చాలాచోట్ల అరిగిపోయి, చెయ్యి తగలని మూలల్లో మాత్రం మిగిలి ఉంటాయి. అక్కడి నుంచి కాస్త ముందుకు వెళ్తే డీఎంఆర్‌ఎల్ చౌరస్తా, కంచన్‌బాగ్, మిధాని. 1982లో అబ్దుల్ కలాం డైరెక్టరుగా వచ్చిన క్షిపణి పరిశోధన సంస్థ డీఆర్‌డీఎల్ ఉన్నది అక్కడే. క్షిపణులు, విమానాల పేర్లు ఇంటి మాటల్లా వినబడే ఆ చుట్టుపక్కల, చిన్న విమానం నమూనా తయారు చేసి దాని రెక్క మీద మన వాయుసేన మూడు రంగుల వలయం అతికించాలని ఏ పిల్లవాడికైనా అనిపించడం సహజం.

కప్పు, కుట్టుమిషన్, విమానం నమూనా. ఈ మూడింటినీ కలిపే పని ఒకటుంది. కాగితం మీద అచ్చువేసిన బొమ్మను నీళ్ళలో నానబెట్టి, జార్చి, వస్తువు మీదికి ఎక్కించడం. దీన్ని వాటర్‌స్లైడ్ ట్రాన్స్‌ఫర్ అంటారు, పనివాళ్ళ వాడుకలో డెకాల్. ఈ పని బాగా చేసినవాడి గొప్పతనం ఎవరి కంటా పడదు. ఎందుకంటే బాగా కుదిరిన డెకాల్‌కు అంచు కనబడదు. చూసేవాళ్ళు చేత్తో వేసిన రంగే అనుకుంటారు. ఆ నేర్పులో సగం కాగితం నీళ్ళలో పడకముందే, ఏ వస్తువుకు ఏ రకం అన్నది తేల్చుకునే దగ్గరే ఉంది.

ముందు కాగితం సంగతి. అడుగున నీళ్ళు పీల్చే మందపాటి కాగితం ఉంటుంది. దాని మీద డెక్స్‌ట్రిన్ పూత. పిండి పదార్థం నుంచి చేసే ఈ జిగురు నీళ్ళలో కరుగుతుంది. ఆ పైన బొమ్మ, బొమ్మను చెదరకుండా పట్టి ఉంచే పల్చటి పొర. గోరువెచ్చటి నీళ్ళలో వేయగానే కాగితం చుట్ట చుట్టుకుంటుంది, కాసేపటికి మళ్ళీ విప్పుకుంటుంది. అప్పటికి జిగురు కరిగి బొమ్మ వేలి కింద కదులుతుంది. మామూలు స్టిక్కరు తగిలిన చోటే పట్టేసుకుంటుంది. వంకరగా పడితే పీకాల్సిందే. డెకాల్‌కు, వస్తువుకు మధ్య నీటి పొర ఉన్నంతసేపూ దాన్ని వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుకోవచ్చు. సరిగ్గా కుదిరాక నీళ్ళు నొక్కి తీసేస్తే అక్కడే ఉండిపోతుంది. పైగా స్టిక్కరు కన్నా ఇది చాలా పల్చన. అందుకే అంచు దాచగలుగుతుంది.

బొమ్మను కాగితం మీద అచ్చువేసి అక్కడి నుంచి పింగాణీ మీదికి దించడం పాత విద్యే. ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో శాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు 1756లో ఆరు గంటల్లో పన్నెండు వందలకు పైగా పలకల మీద బొమ్మలు దించామని ప్రమాణపత్రం రాసిచ్చారు. అది నీళ్ళలో జార్చే పద్ధతి కాదు; ఆలోచన మాత్రం అదే. కుంచె పట్టుకుని ఒక్కో పలక మీద గంటలు గడపనక్కర్లేకుండా, ఒకసారి బాగా గీసిన బొమ్మను వేల వస్తువుల మీదికి పంపడం.

ఇక రకాలు. చాయ్ కప్పు మీద ఉండే డెకాల్‌కు, విమానం నమూనా మీద ఉండేదానికి పైచూపుకు తేడా తెలియదు. రెండూ నీళ్ళలో జారేవే. కానీ కప్పు మీద బొమ్మ అతుక్కుని ఉండదు, కరిగి కలిసిపోయి ఉంటుంది. దానికి వాడే సిరాలో లోహాల ఆక్సైడ్ల రంగులు, మెత్తగా నూరిన గాజుపొడి ఉంటాయి. కప్పును బట్టీలో పెట్టి సుమారు 800 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ గాజుపొడి కరిగి, రంగును తనలో పట్టుకుని, కప్పు మీద గాజులా మెరిసే గ్లేజు పూతతో ఏకమవుతుంది. బొమ్మను మోసుకొచ్చిన పై పొర దారిలోనే కాలిపోతుంది. ఆ పొర కాలి పొగయ్యే దశలో బట్టీకి గాలి బాగా ఆడాలి, వేడి నిదానంగా పెరగాలి. తొందరపడితే రంగు మసకబారుతుంది, బొమ్మ అక్కడక్కడ లేచిపోతుంది.

పింగాణీ డెకాల్‌ను దగ్గరగా చూస్తే ఒక చిన్న ఏర్పాటు కనిపిస్తుంది. పై పొరకు చాలాసార్లు లేత పసుపో, మరో లేత రంగో కలిపి ఉంటుంది. తెల్లటి కప్పు మీద రంగు లేని పొర అంచు ఎక్కడుందో కంటికి ఆనదు. ఆ లేత రంగు ఉంటే అతికించే మనిషికి అంచు ఎక్కడిదాకా వచ్చిందో, ఎక్కడ మడత పడిందో తెలుస్తుంది. బట్టీలో అది ఆనవాలు లేకుండా కాలిపోతుంది. చివరికి మిగలని రంగును పనిచేసే చెయ్యి కోసమే చేర్చారు. ఎవరో ఒక పనివాడి ఇబ్బందిని అర్థం చేసుకుని చేసిన మేలు అది.

కప్పు చుట్టూ గీత వేయడం చూడ్డానికి తేలిక. కప్పు నిలువుగా గొట్టంలా ఉంటే తిన్నటి పట్టీ చాలు. ఇరానీ చాయ్ కప్పు అలా ఉండదు. పైన వెడల్పు, అడుగున సన్నం. దాని చుట్టూ తిన్నటి పట్టీ తిప్పితే ఒక అంచు బిగుసుకుంటుంది, ఇంకో అంచు ముడతలు పడుతుంది, రెండు కొసలు ఒకదానికొకటి కలవవు. అందుకని పట్టీని వంపుగా, విసనకర్ర అంచులా అచ్చువేయాలి. గేరు లంగా కత్తిరించే టైలరుకు ఈ సంగతి చెప్పకుండానే తెలుస్తుంది: గుండ్రంగా కూర్చోవాల్సిన గుడ్డను తిన్నగా కత్తిరించకూడదు. కప్పుకు కాగితం చుట్టి, పైనా కిందా గుర్తు పెట్టి, విప్పి పరిస్తే ఆ వంపు ఎంతో బయటపడుతుంది. కప్పు ఆకారం మారితే వంపూ మారాలి. ఒక కప్పుకు చేసిన అంచు డెకాల్ ఇంకో కప్పుకు పనికిరాకపోవడం అందుకే.

ఆ పట్టీ ఎక్కించే చేతులను చూడాలి. మన దేశంలో పింగాణీకి పేరుపడ్డ ఉత్తర ప్రదేశ్‌లోని ఖుర్జా లాంటి చోట్ల ఈ పని ఎక్కువగా చేతులతోనే జరుగుతుంది. నానిన డెకాల్‌ను కప్పు మీద పెట్టి, కొసలు రెండూ కప్పు పిడి దగ్గర కలిసేలా తిప్పుతారు. అతుకు అక్కడ పడితే కంటికి ఆనదు. తర్వాత చిన్న రబ్బరు పలకతో మధ్య నుంచి అంచుల వైపు నొక్కుతూ నీళ్ళు, గాలి బయటికి తోస్తారు. అంచు నుంచి మధ్యకు నొక్కితే గాలి లోపలే చిక్కుకుంటుంది. చిక్కిన బుడగ కంటికి కనిపించనంత చిన్నదైనా బట్టీలో వేడికి ఉబ్బి పగిలి, బొమ్మలో సూదిమొనంత తెల్లటి చిల్లు మిగులుస్తుంది. కాల్చాక దాన్ని సరిదిద్దే దారి దాదాపు లేదు. చివరగా తడి స్పాంజితో చుట్టూ తుడిచి మిగిలిన జిగురు తీసేస్తారు. తీయకపోతే అదీ మచ్చ అవుతుంది. ఒక్కో కప్పుకు ఇంత జాగ్రత్త పడుతూనే చెయ్యి ఆగకుండా వేగంగా సాగిపోతుంది. ఏళ్ళ తరబడి చేస్తే తప్ప రాని నిదానం అది.

పింగాణీలోనే ఇంకో ఎంపిక ఉంది. గ్లేజు పైన నిలిచే డెకాల్ 800 డిగ్రీల దగ్గర కాలుతుంది. దానికి రంగులు బోలెడు దొరుకుతాయి, ఎరుపు, బంగారం కూడా. ఇంకా ఎక్కువ వేడిలో, 1,200 డిగ్రీల చుట్టుపక్కల కాల్చే రకంలో బొమ్మ మెత్తబడ్డ గ్లేజులోకి దిగిపోతుంది. అరుగుదల చాలా తక్కువ, కానీ ఆ వేడికి తట్టుకునే రంగులూ తక్కువే. కోబాల్టు నీలం మాత్రం గట్టిగా నిలుస్తుంది. పాత పింగాణీ మీద నీలం అంతగా కనిపించడానికి ఈ బలం ఒక ముఖ్య కారణం. రోజంతా తోమే హోటల్ సామానుకు లోపలికి దిగే రకం మేలు. పెళ్ళిలో కానుకగా ఇచ్చి అద్దాల బీరువాలో పెట్టుకునే సెట్టుకు పైన నిలిచే రకం, బంగారు అంచు చాలు.

మన వంటింటి సంగతి ఇక్కడ తప్పక గుర్తుంచుకోవాలి. గ్లేజు పైన నిలిచే పాత రకం రంగుల్లో సీసం, కాడ్మియం ఉండేవి. పులుపు తగిలితే అవి కొద్దికొద్దిగా కరిగి తిండిలోకి వస్తాయి. పాత్రలను పరీక్షించే ఐఎస్‌ఓ 6486 పద్ధతిలో నాలుగు శాతం ఎసిటిక్ ఆమ్లంలో 24 గంటలు ఉంచి చూస్తారు. అది దాదాపు వెనిగర్ పులుపు. చింతపండు పులుసు, ఆవకాయ, నిమ్మకాయ పచ్చడి వడ్డించే ఇళ్ళలో పళ్ళెం లోపలి బొమ్మకు ఈ విషయంలో మామూలు కన్నా ఎక్కువ జాగ్రత్త కావాలి. బాధ్యత తెలిసిన పనివాళ్ళు సీసం లేని రంగులే వాడతారు, తిండి తగిలే చోట బొమ్మ తగ్గిస్తారు, పెదవి ఆనే అంచును ఖాళీగా వదులుతారు. కప్పు పై అంచుకు కాస్త కిందుగా గీత మొదలైతే అది అందం కోసం మాత్రమే అనుకోవద్దు.

గాజు గ్లాసుకు పింగాణీ డెకాల్ పనికిరాదు. 800 డిగ్రీలకు గ్లాసు ఆకారమే నిలవదు. దానికి ఆరు వందల లోపే కరిగే గాజుపొడితో చేసిన వేరే డెకాల్ కావాలి. కాల్చాక నెమ్మదిగా చల్లార్చాలి, లేకపోతే పగులుతుంది. ఇనుము మీద ఎనామిల్ వేసిన పళ్ళేలకు, పాత వీధి బోర్డులకు మళ్ళీ ఇంకో రకం. అన్నీ కాగితం మీద ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా ఆ గాజుపొడి ఎంత వేడికి కరుగుతుందన్న దాంట్లో ఉంది.

ఇంట్లో ప్రింటరు మీద అచ్చువేసుకునే డెకాల్ కాగితాలు ఇప్పుడు తేలిగ్గా దొరుకుతున్నాయి. కొందరు వాటిని కప్పుల మీద అతికించి ఇంటి ఓవెన్‌లో వేడి చేస్తారు. అవి చూడ్డానికి బాగుంటాయి, కానీ వాటిలో గాజుపొడి లేదు, కరిగి కలిసేది ఏమీ లేదు. పైన లక్కర్ పూతే దిక్కు. పెన్నులు పెట్టుకునే కప్పుకు సరిపోతాయి, తాగే కప్పుకు సరిపోవు. కొనేవాళ్ళకు ఈ తేడా చెప్పి అమ్మేవాడే నమ్మదగిన మనిషి.

ప్రింటరు కాగితాల్లో రెండు ఎంపికలున్నాయి. మొదటిది యంత్రాన్ని బట్టి: ఇంక్‌జెట్‌దా, లేజర్‌దా అని. ఇంక్‌జెట్ సిరా నీళ్ళు తగిలితే చెదిరిపోతుంది కాబట్టి అచ్చువేసి ఆరాక పల్చటి అక్రిలిక్ పూత ఒకటి రెండుసార్లు చల్లి, అది పూర్తిగా ఆరాకే నీళ్ళలో వేయాలి. లేజర్ టోనరు వేడికి కరిగి అంటుకున్న ప్లాస్టిక్కు, దానికి నీళ్ళ భయం తక్కువ. రెండోది రంగును బట్టి: పారదర్శకమైన పొరా, తెల్ల పొరా అని. మామూలు ప్రింటర్లలో తెల్ల సిరా ఉండదు. కాగితం తెలుపునే తెలుపుగా వాడుకుంటాయి. కాబట్టి పారదర్శకమైన పొర మీద వేసిన పసుపు అక్షరాలను నల్లటి వస్తువు మీద పెడితే కనిపించకుండా పోతాయి. ముదురు రంగు వస్తువుకు తెల్ల పొర కావాలి. అప్పుడు బొమ్మ అంచు వెంట ఎక్కడా తెలుపు మిగలకుండా కత్తిరించే ఓపికా కావాలి. లేదా బొమ్మ వచ్చే చోట ముందే తెల్ల రంగు వేసుకోవాలి. లేత రంగు వస్తువుకు పారదర్శకమైన పొరను మించింది లేదు.

కుట్టుమిషన్ దగ్గర ఈ తెలుపు ప్రశ్న బంగారం ప్రశ్నగా మారుతుంది. సింగర్ మిషన్ల నల్లటి ఒంటి మీద బంగారు లతలు, స్ఫింక్స్ బొమ్మలు వేసి, పైన లక్క వార్నిష్ పూసేవారు. ఆ మెరుపు ఇంటి ప్రింటరుకు రాదు. అది గోధుమ రంగుగానో, పసుపుగానో తేలిపోతుంది. లోహపు పొడి కలిపిన సిరాతో స్క్రీన్ మీద అచ్చువేసిన డెకాల్ అయితేనే నలుపు మీద నిండుగా పలుకుతుంది. పాత మిషన్లను బాగుచేసేవాళ్ళ కోసం ఒక్కో మోడల్‌కు తగ్గ సెట్లు దొరుకుతాయి. ఒంటి మీద పాత నూనె జిడ్డు ఏమాత్రం ఉన్నా డెకాల్ అక్కడ పట్టదు. ముందు జిడ్డు తీసి, కొత్త నలుపు వేసి, అది గట్టిపడేదాకా ఆగి, మెరిసే పూత మీదే అతికించాలి. తర్వాత పైన మళ్ళీ వార్నిష్. గుడ్డా, టైలరు చెయ్యీ నిత్యం రాసుకునే చోట ఆ పై పూత లేకపోతే కొత్త లతలూ త్వరలోనే అరిగిపోతాయి.

అసలు లతలు ఇంకా మిగిలున్న మిషన్ ఉన్నవాళ్ళకు ఒక మాట. దాన్ని స్పిరిట్‌తో తుడవకండి. లక్క వార్నిష్ స్పిరిట్‌లో కరుగుతుంది. మురికితోపాటు బంగారమూ గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. మిషన్ నూనె చుక్క వేసి మెత్తటి గుడ్డతో నెమ్మదిగా తుడిస్తే చాలు. కొత్త డెకాల్ ఎంత బాగా కుదిరినా, పాతదాన్ని కాపాడుకోవడం అంతకన్నా మంచి పని.

నమూనా విమానాల్లో సమస్య ఇంకో వైపు నుంచి వస్తుంది. వాటికి వేసే రంగు చాలాసార్లు మెరుపు లేని రంగు. మెరుపు లేదంటే ఆ తలం కంటికి కనిపించనంత గరుకుగా ఉన్నట్టే. డెకాల్ ఆ గరుకు మీద పరుచుకుంటే గుంటల్లో గాలి మిగిలి, ఆరాక బొమ్మ చుట్టూ వెండిరేకులా తెల్లగా మెరుస్తుంది. నాలుగడుగుల దూరం నుంచే ‘ఇది అతికించింది’ అని చెప్పేసే దోషం ఇది. అనుభవమున్నవాళ్ళు ముందు మెరిసే క్లియర్ పూత వేసి తలాన్ని నున్నగా చేస్తారు, దాని మీద డెకాల్ ఎక్కిస్తారు, ఆరాక పైన మెరుపు లేని పూత వేసి మళ్ళీ మొదటి రూపం తెస్తారు. మెరుపు తెచ్చి మళ్ళీ మెరుపు తీసేయడం వృథా శ్రమలా తోస్తుంది. అంచు మాయమయ్యేది ఆ శ్రమ వల్లే.

వాయుసేన వలయంలో లోపల కాషాయం, మధ్యలో తెలుపు, బయట ఆకుపచ్చ. ముదురు రెక్క మీద ఆ తెలుపు తెల్లగానే కనబడాలంటే డెకాల్ అచ్చువేసేటప్పుడే అడుగున తెల్ల సిరా ఉండాలి. రెక్క సమతలం కాబట్టి వలయం సాఫీగా కూర్చుంటుంది. క్షిపణి నమూనా గొట్టం మీద కూడా ఇబ్బంది లేదు, వంపు ఒకవైపే ఉంటుంది. మొన దగ్గర మాత్రం తలం రెండు వైపులా వంగుతుంది, సమతలంగా ఉన్న పొర అక్కడ ముడత పడక తప్పదు. దానికి డెకాల్‌ను మెత్తబరిచే ద్రావణం ఉంటుంది. కుంచెతో ఒక్క చుక్క వేయగానే పొర కాసేపు ముడుచుకుపోయి పాడైనట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అప్పుడే వేలు పెట్టి చింపేస్తారు. ముట్టకుండా వదిలేస్తే అదే సర్దుకుని, కింద ఉన్న గీతలు, మేకు తలలు కూడా కనబడేలా తలానికి హత్తుకుపోతుంది. ఇంకా లొంగకపోతే పదునైన బ్లేడుతో చిన్న గాటు పెట్టి, అంచు మీద అంచు ఎక్కించి, ఆ చోట రంగు ముట్టించాలి. ఎక్కడ చెయ్యి పెట్టాలో ఎంత బాగా తెలియాలో, ఎక్కడ పెట్టకూడదో అంత బాగానూ తెలియాలి.

కర్ర మీదైతే ముందు చారలు పూడాలి. సీలర్ పూసి, సన్నటి ఉప్పుకాగితంతో రుద్ది, నున్నగా అయ్యాకే డెకాల్. తర్వాత పైన క్లియర్ పూత మీద పూత వేస్తూ మధ్యమధ్య తడి ఉప్పుకాగితంతో రుద్దుకుంటూ పోతే, పొర మందం మొత్తం పూతలో కలిసిపోతుంది. వేలు ఆన్చినా అంచు తగలదు. మోటారు సైకిలు హెల్మెట్ల మీద కంపెనీ బొమ్మలు కూడా ఇలాగే క్లియర్ పూత కింద ఉంటాయి. కానీ ఇంట్లో హెల్మెట్ మీద ఈ ప్రయోగం చేయకపోవడమే మంచిది. చల్లే పూతల్లోని ద్రావకాలు ప్లాస్టిక్ డొప్పను బలహీనపరచవచ్చు, ఆ బలహీనత పైకి కనబడదు. పాలిథీన్, పాలీప్రొపిలీన్ డబ్బాల మీద డెకాల్ నిలవదు. తోలు, రబ్బరు లాంటి వంగే వస్తువుల మీద పొర పగులుతుంది. అక్కడ వేరే పద్ధతి వెతుక్కోవాలి.

హైదరాబాద్ వాతావరణానికీ ఈ పనిలో చోటుంది. మే నెల ఎండల్లో ఫ్యాను కింద అతికిస్తే నీటి పొర క్షణాల్లో ఆరిపోయి, సర్దుకునే వ్యవధి దొరకదు. వస్తువు మీద ముందే నాలుగు చుక్కలు ఎక్కువ నీళ్ళుంచాలి. వానాకాలం తేమలో లక్కర్ చల్లితే పూత పాలమీగడ రంగులో మసకబారుతుంది. పొడి రోజు కోసం ఆగాలి. బోరు నీళ్ళలోని ఉప్పు ఆరాక తెల్లటి చారలుగా అంచున తేలుతుంది. ఫిల్టర్ నీళ్ళో, బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటరో వాడితే ఆ బెడద ఉండదు.

మంచి డెకాల్ పనిని గుర్తుపట్టడం కష్టం కాదు. వెలుగుకు ఏటవాలుగా పట్టి చూస్తే అంచు మెరవకూడదు. గోరుతో రాస్తే తట్టకూడదు. అతుకు ఎక్కడుందో వెతికితే గాని దొరకకూడదు. అయితే పని చేయించుకునేవాళ్ళు అంతకన్నా ముందే పనివాణ్ణి గుర్తుపట్టవచ్చు. బొమ్మ చూపించగానే రేటు చెప్పేవాడు ఒకడు. వస్తువు చేతిలోకి తీసుకుని, వేలితో రాసి, ఇది దేంతో చేశారు, ఇందులో ఏం పోస్తారు, దేంతో తోముతారు, ఎండలో ఉంటుందా అని అడిగేవాడు ఇంకొకడు. రెండోవాడు కాస్త ఎక్కువ అడిగినా పని అతనికే ఇవ్వండి. ఆ నాలుగు ప్రశ్నల్లోనే ఈ విద్య మొత్తం ఉంది. వాటికి జవాబు తెలిశాక ఎంచుకున్న డెకాల్ ఆ వస్తువు ఉన్నంతకాలం ఉంటుంది.